నేను అంబాసిడర్ డోరుని

నేను అంబాసిడర్ కారుకి ఎడమవైపు ముందు డోరుని. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా, హిందుస్థాన్ మోటార్స్ కార్ఖానాలో పుట్టాను. 1957లో మొదలైన మా వంశం 2014లో ఆగిపోయింది. నా బతుకు మాత్రం సిక్కోలు జిల్లా, సోంపేట దగ్గరి బారువలోనే గడుస్తోంది.

సముద్రం పక్కన ఇనుముకి సుఖం ఉండదు. గాలిలోని ఉప్పు ఒంటిమీద పేరుకుని తేమను పీల్చుకుంటుంది. గాజు పక్కనుంచి నా లోపలికి దిగిన వాననీళ్లు పోవడానికి అడుగు అంచున కన్నాలున్నాయి. దుమ్ము చేరి అవి పూడిపోయాయి. జబ్బు అక్కడే, లోపల్నుంచే మొదలైంది. ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకే పైనున్న రంగు బొబ్బలెక్కింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటల్ని కూల్చేసింది. ఆనాడే ఓ కొబ్బరిచెట్టు విరిగి మీద పడి నా నడుం సొట్టపోయింది.

పెరట్లో రేకుల షెడ్డులోనే నాకు వైద్యం. తేమగాలికి పని చెడుతుందని మాఘమాసం దాకా ఆగి, నన్ను కారునుంచి విప్పారు. హ్యాండిల్, గాజు, రబ్బరు బీడింగ్ అన్నీ తీసేశారు.

"మావయ్యా, పుట్టీ ఎట్టీసి రంగు కొట్టీడమేనా?" అన్నాడు మేనల్లుడు.

"తుప్పు మీద పుట్టీ ఎట్టకురా అల్లుడూ. ఆర్నెల్లు తిరక్కుండా మల్లీ పైకొచ్చేత్తాది."

ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడిచారు. జిడ్డు ఉండగా గీకితే అది గీతల్లోకి దిగి, తర్వాత రంగు పట్టదు. 80 నంబరు పేపరుతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకారు. తుప్పు తినేసిన అంచుని టింకరింగ్ మేస్త్రి కత్తిరించి, కొత్త రేకు అతికించాడు. లోపల డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి, బయట సుత్తితో నెమ్మదిగా కొడుతూ సొట్ట లేపాడు. మా తీరాన వట్టి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. అందుకే ఆ సాయంత్రమే ఎపాక్సీ ప్రైమర్ పూశారు.

హార్డెనర్ కలిపిన పుట్టీని పల్చగా పూసి, గట్టిపడ్డాక పొడిగానే అరగదీశారు. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడే ఎప్పటికో పొక్కై పైకి లేస్తుంది. దాని మీద సర్ఫేసర్ అనే పూత కొట్టి, నల్లరంగు పొగలా చల్లి, చెక్కదిమ్మకి చుట్టిన 400 నంబరు వాటర్ పేపరుతో రుద్దారు. నలుపు మిగిలిన చోటల్లా గుంట ఉన్నట్టే. అక్కడ మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దుడు. ఆఖర్న మావయ్య కళ్లు మూసుకుని అరచేత్తో నన్నంతా తడిమాడు. కంటికి ఆనని ఎత్తుపల్లం చేతికి తెలుస్తుంది.

రంగు మాత్రం ఇంట్లో కొట్టలేదు. హార్డెనర్ కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరి పాడుచేస్తాయి. మామూలు గుడ్డ కట్టుకుంటే ఆగవు. ఆ పని సరైన మాస్కు, గాలి ఏర్పాటు ఉన్న పెయింటరుకే అప్పగించారు.

ఇప్పుడు చూసినవాళ్లంతా నా తెలుపుని మెచ్చుకుంటున్నారు. ఆ తెలుపుని నిలబెడుతున్నది కింద ఎవరికీ కనపడని ఆ చాకిరీయే. మీ కారు డోర్ల అడుగున కూడా కన్నాలుంటాయి. వానలు పడకముందే సన్న పుల్లతో వాటిని తెరవండి. నాకు పట్టిన జబ్బు మీ డోర్లకి పట్టదు.