‘ష్’ సూత్రము: టీకా తాత్పర్యసహితము

మూలము

ష్!

అవతారిక

అమెరికాలో టెనెసీ రాష్ట్రమునకు రాజధానియై, పాటలు వ్రాయుటయు, అమ్ముటయు, పాడుటయు నిత్యవ్యవసాయముగా బ్రదుకు నాష్‌విల్ నగరమున, గ్రీన్ హిల్స్ అను పేటలో, రహదారి ప్రక్కని సాధారణమైన అంగళ్ల వరుస నడుమ, బ్లూబర్డ్ కెఫే అను చిన్న ఫలహారశాల యొకటి కలదు. 1982లో ఏమీ కుర్లాండ్ అను నామె దానిని తెరచినప్పుడు భోజనము ప్రధానముగాను, పాట నంచుకొనుటకు మాత్రముగాను నుండవలెనని తలచినది గాని, కాలక్రమమున విస్తరిలో వడ్డన తారుమారై, నేడు పాటకై వచ్చినవారు భోజనమును నంచుకొని పోవుచున్నారు. అందు పట్టువారు సుమారు 90 మంది. మన పెండ్లిండ్లలో రెండవ బంతికై తినువారి కుర్చీల వెనుక కాచుకొని నిలుచువారే అంతకు మిక్కిలిగా నుందురు. అట్టి గదికి విధింపబడిన శాసనమంతయు పై సూత్రమున నిమిడియున్నది. అచ్చట నమ్ము టీషర్టుల మీదను ఇదియే అచ్చుపడి యుండును. ఇంతటి ప్రసిద్ధమైన సూత్రమునకు వ్యాఖ్య లేకుండుట కొఱతగా నెంచి, ఈ యల్పప్రయత్నము.

వ్యాఖ్య

ష్ — అచ్చులేని హల్లు. వ్యంజనము అర్ధమాత్రాకాలికమని శిక్షాకారుల మతము. సూత్రమున నర్ధమాత్ర మిగిలినచో కొడుకు పుట్టినంతగా సంతసింతురని పేరుపడ్డ వైయాకరణులు, సూత్రమంతయు నర్ధమాత్రయే యైన దీనిని జూచిరేని ఇంటింట బారసాల జరుపుకొనవలసినదే. కొందఱు చివర మూడు హకారములు చేర్చి దీర్ఘముగా పఠింతురు. అది పాఠాంతరము, అర్థభేదము లేదు, శ్వాసభేదము మాత్రము కలదు. అచ్చు లేనిదే పదము ముగింపనేరని తెలుగువారమగుటచేత కాబోలు, మనము ఊరకుండుమనుటకు మొదలిడి మనమే అరగంట మాటాడుదుము. ‘నిశ్శబ్దము, నిశ్శబ్దము’ అని మైకు పట్టుకొని అరచు కార్యదర్శిని చూడని సభ మన దేశమున కలదా?

ఈ సూత్రమున కర్త లేడు, కర్మ లేదు, క్రియ లేదు, అన్నియు నధ్యాహార్యములు. ఎవరు ఎవరితో ననవలెననగా, కాఫీ తెచ్చు పరిచారకుడు అనవచ్చును, ప్రక్కబల్లవాడు అనవచ్చును. గాయకునిచేత ననిపించుట మాత్రము సభకు సిగ్గు. ‘రొక్కమిచ్చి తిను నతిథిని మాటాడవలదనుట వ్యాపారధర్మమా?’ యని ఆక్షేపింతురేని, అచ్చట బల్లకడ కూర్చున్నవాడు ఇంతకు తక్కువగాని సొమ్మునకు తినియో త్రాగియో తీరవలెనను నియమము కలదు గాని, ఆ సొమ్ములో సంభాషణ చేరదని సమాధానము.

మఱియు నిందొక స్థలమర్మము కలదు. 1985లో డాన్ ష్లిట్జ్, థామ్ స్కైలర్, ఫ్రెడ్ నాబ్లాక్, పాల్ ఓవర్‌స్ట్రీట్ అను నలుగురు పాటకర్తలు వేదికను విడిచి, గది నడుమ నెదురెదురుగా కుర్చీలు వేసికొని కూర్చుండి, వంతులవారీగా తమ తమ పాటలు పాడిరి. నాటినుండి ఆ చక్రాసనమే ఆ శాలకు ముఖ్యసంప్రదాయమైనది. ఒకడు పాడుచుండ తక్కిన మువ్వురును, తోచినచో గిటారుతోనో గొంతుతోనో మెల్లగా జతకూడుదురు, తోచనిచో మనవలెనే విందురు. శ్రోత మోకాలికిని గాయకుని మోకాలికిని జానెడు మూరెడు దూరము. ఆ నిశ్శబ్దమున, కంచుతీగ చుట్టిన తంత్రులపై వ్రేళ్లు జారునప్పుడు పుట్టు కిఱ్ఱుమను చప్పుడును, పల్లవి యెత్తుకొనుటకు ముందు గాయకుడు పీల్చు ఊపిరియు, ఎవరో గ్లాసు దింపగా అందు మంచుముక్క కదలిన సవ్వడియు వేర్వేరుగా వినవచ్చును. రికార్డులలో మొదటి రెంటిని తుడిచివేయుటకు స్టూడియోవారు శ్రమపడుదురు. నా మట్టుకు అవి రెండును పాటలో భాగములే.

పూర్వపక్షము

ఇచ్చట సంగీతశాస్త్రజ్ఞుడొకడు లేచును. పాటలోని మాట ‘మాతు’వనియు, బాణీ ‘ధాతు’వనియు, రెండింటిని నిర్మించువాడు వాగ్గేయకారుడనియు చెప్పిన శార్ఙ్గదేవుడు, 13వ శతాబ్దమునాటి తన సంగీతరత్నాకరమున, మాతువు రమ్యమై ధాతువు మందమైనవానిని అధమ వాగ్గేయకారులలో చేర్చెను. నాష్‌విల్ కవియైన హార్లన్ హోవర్డో, అచ్చటి పాటకు మూడు కార్డులును (గిటారుపై స్వరములు కలిసి మ్రోగు గుచ్ఛములు) సత్యమును ఉన్న చాలునని తేల్చివేసెను. మూడు కార్డుల ధాతువుతో మాతువును మోయువీరు శాస్త్రరీత్యా అధములే కదా. పైగా వీరిలో పెక్కురకు కంఠము కూడ సామాన్యమే. ఇదే పాటను ప్రఖ్యాతగాయకుడు మంచి వాద్యగోష్ఠితో పాడిన రికార్డు ఇంట నుండగా, పొద్దుననగా వరుసలో నిలువబడి ఈ గదిలో దూరనేల?

సిద్ధాంతము

కెన్నీ రోజర్స్ కంఠమున 1978లో లోకమంతట మ్రోగిన ‘ద గ్యాంబ్లర్’ను వ్రాసినవాడు పైని చెప్పిన ష్లిట్జే. ఆ దినములలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున రాత్రి పాళీలో కంప్యూటరును కనిపెట్టుకొని యుండు కొలువు వానిది. అట్టి కొలువు మన తెలుగు కుఱ్ఱవారికి పరిచయము లేనిది కాదు గనుక ప్రత్యేకముగా చెప్పుచున్నాను. రోజర్స్ పాడగా మనకు పాట వినబడును; ష్లిట్జ్ పాడగా ఆ రాత్రి పాళీ కూడ వినబడును. ఏ మాట తనకు సులభముగా వచ్చినదో, ఏ మాటకై ముప్పుతిప్పలు పడినాడో కర్తకే తెలియును; అచ్చట వాని గొంతు తనంత తానే నెమ్మదించును. పైగా ఈ చక్రాసనమున ప్రతివాడును పాటకు ముందు దాని పుట్టుకథ చెప్పును. మూలమును తానే వ్రాసి టీకను తానే చెప్పి తానే పాడు ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు: విజయనగరపు ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథ తామే రచించి, తామే గజ్జెకట్టి, నడుమ పిట్టకథల వ్యాఖ్యానము సైతము తామే చేసికొనలేదా?

‘ద డాన్స్’ అను పాటను దాని కర్త టోనీ అరాటా పాడగా గాయకుడు గార్త్ బ్రూక్స్ ఈ గదిలోనే వినెను. అప్పటికి వీరిలో నెవ్వని పేరును లోకమెఱుగదు. తనకు రికార్డు చేయు యోగము పట్టిననాడు ఈ పాటను పాడెదనని బ్రూక్స్ మాటయిచ్చి, చెల్లించుకొనెను. 1990లో అది దేశమంతట మాఱుమ్రోగినది. ఆ పూట ప్రక్కబల్లవాడు ధరవరలను గూర్చి చర్చించుచుండినచో ఏమగునో యూహించుకొనుడు. అర్ధమాత్రాసూత్రము చేసిన పని అంతటిది.

ప్రసంగవశమున నింకొకటి. అమెరికాలో ఆకాశవాణులు పాట మ్రోగించినప్పుడు రచయితకు సొమ్ము ముట్టునుగాని పాడినవానికి ముట్టదు. ఆ న్యాయము వినగానే మన సినిమాకవులు టిక్కెట్టు కొందురేమోయని నా భయము. అయినను ఆ సొమ్ము పాట ప్రసిద్ధమైన పిమ్మటి మాట. ప్రసిద్ధము కానంతవఱకు పాటకర్తకు ఇట్టి చిన్నగదియే దిక్కు. అందుచేతనే కాబోలు, 2008లో కుర్లాండ్ ఆ శాలను ఏ వ్యాపారికిని గాక నాష్‌విల్ పాటకర్తల సంఘమునకే అప్పగించినది. సోమవారము రాత్రి నేటికిని క్రొత్తవారిది. పేరు పిలిచినప్పుడు లేచి పాడుటయే అర్హత.

తాత్పర్యము

పాటకు సగము గాయకుడు, సగము గది. గదికి ప్రాణము వినువాని మౌనము. కచేరీలో మృదంగపు తని ఆవర్తనము రాగానే కాంటీనుకు లేచిపోవు మన సభికులకును, సన్నాయి మ్రోగుచుండగా బంధువుల యోగక్షేమములను అంతకు మించిన శ్రుతిలో విచారించు మన పెండ్లివారికిని ఈ సూత్రము ఉపదేశ్యమే. హైదరాబాదు బంజారాహిల్సులో లామకాన్ అను ఆరుబయటి కళాస్థలమున, తాము వ్రాసినది తామే పాడు కుఱ్ఱవారు గిటారులతో వచ్చుచుందురు. చాయ్ సమోసాలకు అచ్చటనే కాంటీను కలదు. పాఠకులారా, ఒక సాయంకాలము పొండు. చాయ్ పాట మొదలుకాకమున్నే తెచ్చుకొనుడు, ఫోను జేబులోననే యుంచుడు, ముందువరుసలో కూర్చుండుడు. పాట నచ్చినచో పాడినవాని పేరడిగి తెలిసికొని, మఱల వాడు పాడునాడు ఇద్దఱిని వెంటబెట్టుకొని రండు. ఆ యిద్దఱును మాటకారులు కాకుండ చూచుకొనుడు.