ఎండలెక్కువని చిక్కటి ఆయిల్ పోయించకండి

షెడ్డులో బానెట్ ఎత్తితే చాలు, చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక సలహా ఇస్తారు. అందరూ మన మేలు కోరేవాళ్ళే. కానీ వాటిలో కొన్ని పాటిస్తే ఇంజిన్ పాడవుతుంది, ఒకటి పాటిస్తే ప్రాణం మీదికే వస్తుంది. నేను తరచుగా వినే, మీరు మాత్రం వినొద్దని గట్టిగా కోరుకునే మాటలు ఇవి.

"మన ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు సార్, 20డబ్ల్యూ-50 పోయించండి." మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవాళ్ళకి ఇది నిజమే అనిపిస్తుంది. ఇంజిన్ లోపలి లెక్క వేరు. బయట ఎండైనా చలైనా, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ దాదాపు 100 డిగ్రీల దగ్గరే పనిచేస్తుంది. డబ్బా మీద రెండో అంకె చెప్పేది ఆ వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందనే. డబ్ల్యూ ముందున్న అంకె చల్లబడిన ఇంజిన్‌లో అది ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 40 డిగ్రీల ఎండలో ఆపి ఉంచిన బండి మనకి పెనంలా కాలుతుంది గాని, 100 డిగ్రీలకి అలవాటుపడిన ఇంజిన్‌కి అది చల్లటి స్థితే. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆయిల్ పైదాకా ఎంత త్వరగా చేరితే అరుగుదల అంత తక్కువ.

ఆ 100 డిగ్రీల దగ్గర 50 గ్రేడు ఆయిల్ 20 గ్రేడుకి రెట్టింపు చిక్కగా ఉంటుంది. ఇప్పటి చిన్న పెట్రోల్ ఇంజిన్లలో బేరింగుల సందులూ, వాల్వ్ టైమింగ్‌ని ఆయిల్ ఒత్తిడితో మార్చే సన్నటి దారులూ 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 వంటి వాటికోసం తయారైనవి. వాటిలో చిక్కటిది పోస్తే మైలేజీ తగ్గుతుంది, టైమింగ్ సరిగా మారదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఇంజిన్లు విప్పి పని నేర్చుకున్న మెకానిక్‌లు ఆ బళ్ళకి చెప్పింది సరైన మాటే. వాళ్ళ పనితనం మీద నాకు గౌరవం ఉంది. బండి మారింది, ఆయిలూ మారాలి. బాగా తిరిగిన ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే మాన్యువల్ పట్టికలో ఉన్న గ్రేడుల్లోనే చిక్కటిదాన్ని ఎంచుకోవచ్చు. పట్టిక దాటి మాత్రం వెళ్ళకండి.

"గ్రేడు కలిసింది కదా, ఏ డబ్బా అయితే ఏంటి?" ఈ మాట డీజిల్ కార్లకి మరీ చేటు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. మసిని ఆ ఫిల్టర్ కాల్చేసుకుంటుంది. ఆయిల్‌లోని రసాయనాల నుంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుపోతుంది. అందుకే ఆ బళ్ళకి ఏసీఈఏ ప్రమాణంలోని సీ2, సీ3 వంటి తక్కువ బూడిద రకాలు చెబుతారు. లారీలకి పోసే డబ్బాలోంచి నాలుగు లీటర్లు వంచితే మిగిలేది వందలు, ఫిల్టర్ మార్చాల్సి వస్తే పోయేది వేలు. అన్నట్టు, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడితే కంగారుపడకండి. మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే.

"మనకేమన్నా మంచు పడుతుందా, కూలెంట్ దండగ, బోరు నీళ్ళు పోయండి." కూలెంట్ మంచు దేశాలకే అనుకోవడం వల్ల ఎన్ని రేడియేటర్లు పాడవుతున్నాయో చూస్తే బాధేస్తుంది. ఎథిలీన్ గ్లైకాల్ కలిసిన నీరు మామూలు నీటికంటే ఎక్కువ వేడిదాకా మరగదు. అందులోని రసాయనాలు అల్యూమినియం తుప్పు పట్టకుండా కాపాడతాయి. బోరు నీళ్ళలోని సున్నం సన్నటి గొట్టాల లోపల పొలుసులా కట్టి వేడి బయటికి పోనివ్వదు. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే చాలు, కలిపి అమ్మేది కొన్నా సరే. రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు అనేవి తయారీదారు వేసుకున్న రంగులే, రకానికి గుర్తులు కావు.

ప్రాణం మీదికి తెచ్చే మాట బ్రేక్ ఆయిల్ గురించినది: "తగ్గితే పోస్తే చాలు, మార్చక్కర్లేదు." ఈ ద్రవం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో తిరిగిన బండి వేసుకుని, పాత బ్రేక్ ఆయిల్‌తో తిరుమల ఘాట్ దిగుతూ, అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ కిందిదాకా పోతుంది, బండి ఆగదు. సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చాలి, ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించాలి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగాయో, ఎక్కడో కారుతోందో చూడమని అర్థం. బ్రేక్ ఆయిల్ దొరకలేదని ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా పోయనివ్వకండి, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి చెడిపోతాయి.

కొన్ని డీజిల్ బళ్ళకి యూరియా ద్రావణం కూడా పోయాలి. ఎరువు యూరియా నీళ్ళలో కలిపితే సరిపోతుందని పల్లెల్లో చెప్పేవాళ్ళున్నారు. ఎరువుకి వేపనూనె పూత ఉంటుంది. బండికి కావలసింది 32.5 శాతం యూరియా ఉన్న శుద్ధమైన ద్రావణం. ఇక ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తే మంచిదనే మాటా తప్పే. గేజ్ మీద పై గీత దాటితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. కిరోసిన్‌తో ఇంజిన్ కడగడం వద్దే వద్దు.

చివరగా ఒక విన్నపం. మాన్యువల్‌లో ఆయిల్ పేజీని ఈ రోజే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఆయిల్ డబ్బా సీలు మీ ఎదుటే తీయించండి, గ్రేడూ కిలోమీటర్లూ బిల్లు మీద రాయించుకోండి. ఖాళీ డబ్బాకి చిల్లు పొడిచాకే షెడ్డులో వదలండి. మూత చెడని ఖాళీ డబ్బాలే నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్ళకి పెట్టుబడి.