గ్యాస్ బండకు జాతకచక్రం

ఆ వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. మూడు కిటుకులు పాటిస్తే గ్యాస్ బండ మూడు నెలలు వస్తుందట. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పొద్దున్నే దాన్ని పెట్టిన పెద్దమనిషికి నమస్కారం. వాళ్లింట్లో లైటర్ ఎక్కడుంటుందో ఆయనకు తెలుసా అన్నది వేరే సంగతి. మధ్యాహ్నానికల్లా దాని కింద వేలంపాట మొదలైంది. మాకు నలభై రోజులు. మాకు యాభై ఐదు. మా అత్తగారి హయాంలో రెండు నెలలు దాటేది. ఇంట్లో ఎంతమంది తింటారు, ఎన్నిసార్లు టీ పెడతారు, స్నానాల నీళ్లు దేనిమీద కాగుతాయి, సంక్రాంతికి వచ్చిన చుట్టాలు ఎన్నాళ్లున్నారు అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

వీడియో వెనకాలే మీటరు దిగింది. బండకూ రెగ్యులేటరుకూ మధ్య బిగించే గుండ్రటి బిళ్ల, అందులో ఓ ముల్లు, దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. ముల్లు ఆకుపచ్చలో ఉంటే నిశ్చింతట. చదువుకున్నవాళ్లే, ఇంజినీర్లే, కొని బిగించుకుని ఫొటోలు పెడుతున్నారు.

అయ్యా, ఆ ముల్లు చూపించేది ఒత్తిడి. బండలో ఎంత మిగిలిందో దానికి తెలియదు. లోపల ఉన్నది ఒత్తిడికి ద్రవంగా మారిన ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. దాని పైనున్న ఆవిరి పొయ్యికి వెళ్తుంది. వెళ్లినంత ఆవిరిని కింది ద్రవం మరిగి భర్తీ చేస్తుంది. నిండు బండలో ఎంత ఒత్తిడి ఉంటుందో, అడుగున చెంబుడు ద్రవం మిగిలినప్పుడూ ఇంచుమించు అంతే. ఆఖరి బొట్టు ఆవిరయ్యే దాకా ముల్లు పచ్చగా నవ్వుతూనే ఉంటుంది. తర్వాత పడిపోతుంది. అప్పటికి మీ పెనం మీద అట్టు సగంలో ఉంటుంది.

పోనీ, ముల్లు అసలు కదలదా అంటే కదులుతుంది. ఒత్తిడి వాతావరణాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మే నెల బెజవాడలో అడుగంటిన బండ కూడా నిండుగా ఉన్నట్టు కనిపిస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో కొత్త బండ కూడా కొన ఊపిరితో ఉన్నట్టుంటుంది. ఆదివారం పెద్ద మంట మీద గంటల తరబడి వండితే లోపలి ద్రవం చల్లబడి ముల్లు దిగుతుంది. ఓ రాత్రి గడిస్తే మళ్లీ ఎక్కుతుంది. రాత్రికి రాత్రి వచ్చి గ్యాస్ పోసి వెళ్లిందెవరో ఆ మీటరు అమ్మినవాడే చెప్పాలి.

ఇదే ముల్లును చూసి మా పక్కింటాయన బండను ముందే బుక్ చేయడం మానేశాడు. పచ్చగా ఉందిగా అంటాడు.

బండలో ఎంతుందో చెబుతామనే మిగతా పద్ధతులకు ఇంత చోటు దండగ. తడిగుడ్డ చుట్టి ఎక్కడిదాకా ఆరలేదో చూసే పాత పద్ధతి కొంత నయం. ద్రవం ఉన్నమేరకు చెమ్మ ఆలస్యంగా ఆరుతుంది. మంట ఎర్రబడితే గ్యాస్ అయిపోవస్తోందనే వాళ్లు ముందు బర్నరు చిల్లుల్లో ఎండిన పాలపొంగు గీకాలి. మీకింకా పదకొండు రోజుల నాలుగు గంటలు మిగిలాయని చెప్పే యాప్‌కు మా బావగారి కుటుంబం రేపు దిగుతోందని ఎవరు చెబుతారు?

ప్రభుత్వాలూ జాతకం రాశాయి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 పథకం కింద ఉచిత బండ నాలుగు నెలలకొకటి. తెలంగాణలో 500 రూపాయల బండలు ఏడాదికెన్ని అన్నది గడిచిన మూడేళ్ల వాడకం సగటును బట్టి. అంటే డబ్బుల్లేక కట్టెల పొయ్యి ఊదుకుంటూ, బండను పండగలకు దాచుకున్న మనిషికి సగటు తక్కువ. సగటు తక్కువ గనుక సాయమూ తక్కువ. ఈ లెక్క వేసినవాళ్లు ఒక్క పూట ఆ పొగలో కూర్చుని ఉంటే బాగుండేది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బండ ఎన్నాళ్లు వచ్చిందన్నది ఈ దేశంలో గ్యాస్ లెక్కగా మిగల్లేదు. ఇల్లాలి పొదుపు మీద ఇచ్చే తీర్పైపోయింది. క్యాలెండర్ మీద తేదీ రాసేది ఆమె, సంజాయిషీ చెప్పుకునేదీ ఆమె. "అప్పుడే అయిపోయిందా?" అని అడిగేవాడు మూడోసారి టీ అడిగినవాడే. ఈ మాట పడలేక ఖాళీ కావచ్చిన బండను వేడినీళ్లలో నిలబెట్టేవాళ్లు, పక్కకు పడుకోబెట్టి వాడేవాళ్లు ఉన్నారు. పడుకోబెడితే ఆవిరి రావాల్సిన దారిలో ద్రవం తన్నుకొస్తుంది, ఆ రెగ్యులేటరు ద్రవాన్ని అదుపు చేయడానికి చేసింది కాదు. ఇంటికి నిప్పంటుకుంటుందిరా బాబూ! దాన్ని కిటుకు అని పేరు పెట్టి సంగీతం జోడించి వీడియో తీస్తారా?

లెక్క కావాలా? వేయండి. ఓ మోస్తరు బర్నరు పెద్ద మంట మీద గంటకు నూట యాభై గ్రాములు తాగుతుందనుకుంటే, 14.2 కిలోలు తొంభై గంటల పైచిలుకు మండుతాయి. అంతకు మించి రహస్యం లేదు. కానీ ఆ 14.2 కిలోలు అసలు మీ ఇంటికి వచ్చాయా? రెండు నెలలొచ్చిందా, నెలకే అయిందా అని ఇల్లంతా వాదించుకుంటుంది గానీ, గుమ్మంలో బండ దించినప్పుడు ఎంత బరువుందో చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కకు రారు. సీలు ఉంది కదా అని సంతకం పెట్టేస్తాం.

ఖాళీ బండ బరువు దాని మెడ దగ్గరి పట్టీ మీదే రాసి ఉంటుంది. దానికి 14.2 కలిపితే నిండు బండ ఎంత తూగాలో తెలుస్తుంది. అడిగితే ఇంటి దగ్గరే తూచి చూపించాలన్నది నిబంధన, బండ తెచ్చే మనిషి దగ్గర కాటా ఉండాలన్నదీ నిబంధనే. ఈసారి బండ వచ్చినప్పుడు తూచమనండి. కాటా తేలేదంటే, తెచ్చేదాకా సంతకం పెట్టకండి.