థైరాయిడ్

ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్ తెలుగువాళ్ళలో ఆ తల్లీకూతుళ్ళిద్దరికీ థైరాయిడ్ అని తెలియని ఇల్లు లేదు. తల్లే అందరికీ చెప్పుకుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున కదా, వీళ్ళేమిటి రాత్రి తొమ్మిదింటికి అన్నం తిన్నాక వేసుకుంటారని ఎవరికీ అనుమానం రాలేదు. మనవాళ్ళు జీతమెంతని అడుగుతారు గానీ మాత్ర ఎప్పుడని అడగరు.

ఆ మాత్రలో అసలు మందు డొల్యుటెగ్రావిర్. దాని కంపెనీ వీవ్ హెల్త్‌కేర్. అందులో పెద్ద వాటా జీఎస్‌కేది. జీఎస్‌కే పరిశోధన కేంద్రం ఈ ఊళ్ళోనే ఉంది. అదే మందు కలిపిన మాత్రను మన హైదరాబాద్ అరబిందో, 2017 ఒప్పందంతో, మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే పేద దేశాలకు ఇవ్వడానికి ముందుకొచ్చింది. ఇంత ఘనత ఉన్న మాత్ర ఈ ఇంట్లో ఐరన్ టాబ్లెట్ల డబ్బాలో తలదాచుకుంటోంది.

పిల్లకు పుట్టుకతో వచ్చిన హెచ్‌ఐవీ. పన్నెండో ఏట డాక్టరమ్మ పేరు పెట్టి చెప్పింది. రోజూ మాత్ర వేసుకుంటే చదువూ, పెళ్ళీ, పిల్లలూ అన్నీ మామూలే. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే ఉంటే రేపు కట్టుకున్నవాడికి కూడా సోకదు. ఇంటికొచ్చాక తల్లి చెప్పింది ఒక్కటే: "ఎవరితోనూ అనకు."

మూడేళ్ళుగా ఆ పిల్ల స్నేహితుల ఇళ్ళలో రాత్రి పడుకోలేదు. స్కూలు టూరు ఫారంలో 'వాడే మందులు' అన్న గడి చూసి కాగితాన్నే చించేసింది. ఒక చలికాలమంతా మాత్రలు సింకులో వేసి నీళ్ళు వదిలింది. రక్తపరీక్షలో బయటపడ్డాక డాక్టరమ్మ ఎందుకని అడిగితే, "అది మింగేటప్పుడే నాకు జబ్బని గుర్తొస్తుంది" అంది.

లిస్టర్ హాస్పిటల్ ఊళ్ళోనే ఉన్నా, తెలిసినవాళ్ళు ఎదురుపడతారేమోనని తల్లి లండన్ క్లినిక్కే పట్టుకుంది. ఈసారి అక్కడే ఎదురుపడ్డారు. వెనక వీధి వదినగారు, పక్కన ఆవిడ కూతురు. ఆదివారం తెలుగు క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలు.

ఆవిడే ముందు తేరుకుంది. "థైరాయిడ్‌కి వచ్చాం వదినా."

"మేమూ అందుకే వదినా."

పిల్లలిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఒకసారి మొదలైన నవ్వు ఆగలేదు. మూలకు పోయి గుసగుసలాడుకున్నారు. ఏ డబ్బాలో దాస్తావు, అడిగితే ఏం చెప్తావు. ఆ అమ్మాయి చివా సంస్థ నడిపే క్యాంపుకు వెళ్ళొచ్చిందట. అక్కడికి వచ్చిన పిల్లలంతా ఇలాంటివాళ్ళేనట, మాత్ర అందరి ముందే వేసుకోవచ్చట.

కింగ్స్ క్రాస్ నుంచి తిరుగు రైల్లో పిల్ల నోరు మూతపడలేదు. వచ్చే వేసవి క్యాంపుకు ఇద్దరం కలిసి వెళ్తామంది. ఈ శనివారం వాళ్ళింట్లో పడుకుంటానంది. "మాత్ర దాచక్కర్లేదుగా అమ్మా!"

తల్లి ఊఁ అనలేదు. స్టీవెనేజ్‌లో దిగాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకు. చూశావుగా, వాళ్ళకి ఆ జబ్బుంది."