పాలమూరు బేస్ పరీక్ష

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సెల్ షాపుల్లో హెడ్‌ఫోన్ల పరీక్ష నిమిషంలో ముగుస్తుంది. అందులో ఏ హెడ్‌ఫోనూ తప్పినట్టు దాఖలా లేదు.

ముందు పెట్టె. సీలు తీస్తే కొనాల్సిందే. అదే గద్వాలలో చీరల దుకాణానికి వెళ్తే, నూలు చీరకు పట్టు అంచు ఎలా అతికిందో తిరగేసి చూసి, ఇరవై చీరలు కుప్పపోయించి, ఒక్కటీ కొనకుండా లేచొచ్చినా చెల్లుతుంది. హెడ్‌ఫోన్‌కు ఆ మర్యాద లేదు. ఊరందరి చెవుల్లో తిరిగిన డెమో పీసే దిక్కు.

చెవిలో దూర్చే రకానికి కంపెనీలు సాధారణంగా మూడు సైజుల సిలికాన్ రబ్బర్లు ఇస్తాయి. రబ్బరు చెవికి బిగుతుగా పట్టకపోతే బేస్ జారిపోతుంది, పదివేలదైనా రేకు మోతే మోగుతుంది. ఆ మూడు సైజులూ సీలు పెట్టెలో భద్రంగా ఉంటాయి. డెమో పీసుకు ఉన్నది ఒకటే సైజు. పట్టకపోతే తప్పు చెవిదే.

తర్వాత, "బేస్ జూడన్నా, గుండెల్ల కొడ్తది" అంటూ సౌండు చివరిదాకా పెంచుతారు. ఇందులో శాస్త్రం లేకపోలేదు. సౌండు తక్కువున్నప్పుడు చెవికి బేస్ మరీ తక్కువగా వినబడుతుందని, పెంచేకొద్దీ పొంగుకొస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. రెండు హెడ్‌ఫోన్లను పోల్చాలంటే సౌండు సమానంగా పెట్టాలనేది అందుకే. షాపు సూత్రం ఇంకా సులువు: అమ్మాల్సినదానికి ఎక్కువ, మిగిలినదానికి తక్కువ. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే వినాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కౌంటరు దాకా రాలేదు.

పాట ఎప్పుడూ డీజే మిక్సే. అందులో గొంతు ముందే నలిగి ఉంటుంది, హెడ్‌ఫోన్ కొత్తగా చెడగొట్టేదేమీ మిగలదు. నాగర్‌కర్నూల్ జిల్లావాడే, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర పాట పెడితే తీగ మీటు, గొంతు జీర విడివిడిగా పలుకుతున్నాయో లేదో పది సెకన్లలో తేలిపోతుంది. అంత ప్రమాదకరమైన పాట షాపు ఫోన్లో ఉండదు.

ఇంకా అనుమానముంటే పెట్టె చూపిస్తారు: 20 నుంచి 20,000 హెర్ట్జ్. అవి మనిషి చెవికున్న హద్దులు. ఏ స్వరం ఎంత హెచ్చుతగ్గుగా పలుకుతుందో రాయనంతవరకు ఆ అంకెలు ఏమీ చెప్పవు, కాబట్టే చవక పెట్టె మీదా ఖరీదైన పెట్టె మీదా అవే ఉంటాయి.

చివరికి తీర్పు వెంట వచ్చిన దోస్తుది. అతనూ చెవిలో పెట్టుకుని తల ఊపుతాడు. మధ్యలో సౌండు తగ్గించినవాళ్లు లేరు.