మీ పేపరోడు అలాగే రాస్తాడు లేవయ్యా: ప్రతిపదార్థ టీకా తాత్పర్య సహితం

మూలం

"మీ పేపరోడు అలాగే రాస్తాడు లేవయ్యా! అప్పుడు మీవాళ్లు చేసినప్పుడు వీడి నోరేమైంది?"

అవతారిక

తెలుగునాట రాజకీయ వాదాలన్నిటికీ ఆధారం ఈ రెండు పాదాల వాక్యమే. కర్త ఎవరో తెలియదు. కాలాన్ని మాత్రం లోపలి ఆధారాలతో కొంతవరకు నిర్ణయించవచ్చు. "అప్పుడు మీవాళ్లు చేసినప్పుడు" అనాలంటే ఎదుటివాడి పార్టీ ఒకసారైనా గద్దె మీద కూర్చుని దిగి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1956 నుంచి 1983 జనవరి దాకా ముఖ్యమంత్రులందరూ కాంగ్రెస్ వాళ్లే. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం ఏడాది తిరక్కుండానే అధికారంలోకి వచ్చింది. అప్పట్నుంచి రెండో పాదాన్ని తెలుగుదేశం వాళ్లు మాత్రమే వాడుకోగలిగారు. కాంగ్రెస్ వాళ్లకు ఆ వీలు 1989 చివర్లో చిక్కింది. ఇరుపక్షాలకూ సమానంగా చెల్లే నేటి పాఠం ఆ తర్వాతిదేనని తేలుతోంది.

సందర్భం

ఉదయం ఏడున్నర. టీ కొట్టు బల్ల మీద రెండు పేపర్లు. ముందురోజు సాయంత్రం ఆ ఊళ్లోనే ఒక బహిరంగ సభ జరిగింది. ఒక పేపర్లో వేదిక మీద నుంచి తీసిన ఫొటో, ముందు వరసలన్నీ తలకాయలే, కింద "జనసంద్రం". రెండో పేపర్లో షామియానా వెనక నుంచి తీసిన ఫొటో, వరసలు వరసలుగా ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు, కింద "వెలవెలబోయిన సభ". రెండు ఫొటోలూ నిజమే. ఒకటి నాయకుడు మాట్లాడుతున్నప్పటిది, రెండోది ఆయన ఇంకా రాక ముందుది. సభకు ఫ్లాస్కుల్లో టీ వెళ్లింది ఈ కొట్టు నుంచే. ఎంతమంది వచ్చారో కప్పుల లెక్కన కొట్టు యజమానికి తెలుసు. అతణ్ణి ఎవరూ అడగరు. ఒకాయన పేపరు చూపించి ఏదో అనబోతాడు, రెండో ఆయన మూలవాక్యం అందుకుంటాడు.

ప్రతిపదార్థం

మీ = నీకు చెందినట్టి. షష్ఠీ విభక్తి. అయితే ఇక్కడ సొంతదనం ఏ రకంగానూ కుదరదు. ఎదుటివాడికి ఆ పత్రికలో వాటా లేదు, ఉద్యోగం లేదు, చాలాసార్లు చందా కూడా ఉండదు. టీ తాగినంతసేపు తిరగేస్తాడు, అంతే. అందువల్ల "నీవు ఓటేసే పార్టీని మెచ్చుకునునట్టి" అని చెప్పుకోవాలి. తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ మాటకు మరో అర్థం బలపడింది. "సీమాంధ్ర మీడియా" అన్నప్పుడు "మీ" పార్టీని వదిలి ప్రాంతాన్ని పట్టుకుంది. 2011 జూన్‌లో నమస్తే తెలంగాణ మొదలయ్యాక ఆ పక్షానికీ ఒక "మా" దొరికింది. 2014లో కొత్త రాష్ట్రం వచ్చిన నెలలోనే రెండు చానళ్ల ప్రసారాలు తెలంగాణ కేబుల్ నెట్‌వర్కుల్లో ఆగిపోయినప్పుడు "మీ చానల్" అన్న మాటకు రిమోట్ బటన్ కూడా తోడైంది.

పేపరోడు = యజమాని, సంపాదకుడు, విలేకరి, శీర్షిక పెట్టిన డెస్కు మనిషి, తెల్లారగట్ల సైకిలు మీద వచ్చి గుమ్మంలోకి విసిరే కుర్రాడు, వీరందరూ కలిసి ఒక్క దేహం ధరించిన పురుషుడు. ఏకవచనం. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కాస్త నిలబడాలి, ఎందుకంటే వాదమంతా ఈ ముడి విప్పకపోవడం వల్లే సాగుతోంది.

పక్షం ఉండటం తెలుగు పత్రికలకు కొత్త కాదు. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక జాతీయోద్యమ పక్షమని బాహాటంగానే చెప్పుకున్నాయి. 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నడిపింది నిజాం పాలనలో తెలుగువాళ్ల పక్షాన. కమ్యూనిస్టుల విశాలాంధ్ర, ప్రజాశక్తి ఏ పార్టీవో చదివేవాడికి మొదటి రోజునుంచీ తెలుసు. గమనించదగ్గదేమంటే, విశాలాంధ్రను పక్షపాతి అని తిట్టినవాణ్ణి టీ కొట్టు దగ్గర ఎవరూ చూడలేదు. పార్టీని నుదుట రాసుకున్న పేపరు మీద ఈ వాక్యం పనిచేయదు. పక్షం ఉండి కూడా నిష్పాక్షికమని చెప్పుకునే చోటే పనిచేస్తుంది.

ఇక ఈ విరాట్పురుషుడి అవయవాలు. తల, యాజమాన్యం. ఈనాడును రామోజీరావు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభించారు. 1983 ఎన్నికల్లోనూ, మరుసటి సంవత్సరం తెలుగుదేశం ముఖ్యమంత్రి ఎన్టీఆర్ పదవి పోయినప్పుడూ అది ఆయన పక్కన నిలబడింది. 2004 తర్వాత ముఖ్యమంత్రిగా ఉన్న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఈనాడు, ఆంధ్రజ్యోతి పేర్లెత్తకుండా "ఆ రెండు పత్రికలు" అనేవారు. 2008 మార్చిలో ఆయన కుమారుడు జగన్‌మోహనరెడ్డి ఆధ్వర్యంలో సాక్షి వచ్చింది. రాజకీయ నాయకుడి కుటుంబానికే పేపరుండటమా అని అవతలివాళ్లు, పేపరే రాజకీయ నాయకుణ్ణి తయారుచేయడమా అని ఇవతలివాళ్లు నాటినుంచీ అడుగుతూనే ఉన్నారు. రెండూ అడగదగ్గవే.

పొట్ట, ప్రకటనలు. పేపరు అమ్మిన డబ్బుతో కాగితం ఖర్చు కూడా పూర్తిగా రాదు. లోటు పూడ్చేది ప్రకటనలు, అందులో ప్రభుత్వానిది పెద్ద చెయ్యి. ప్రభుత్వం మారితే ఎవరి పేజీల్లో ఫుల్ పేజీ ప్రకటనలు పెరిగాయో, ఎవరికి తగ్గాయో పాఠకుడికే కనిపిస్తుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున గ్రామ, వార్డు వలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇచ్చారు. ఇది సాక్షి సర్క్యులేషన్ పెంచడానికేనని ఈనాడు ప్రచురణ సంస్థ కోర్టుకెక్కింది. ఎన్నికల వేళ డబ్బులిచ్చి వార్త వేయించుకునే పద్ధతి మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో నివేదిక రాసింది. రాసిన ఇద్దరిలో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. కౌన్సిల్ మొదట దాన్ని కుదించి బయటపెట్టింది, పూర్తి పాఠం అధికారికంగా మరుసటి సంవత్సరం గానీ బయటికి రాలేదు.

కాళ్లు, మండల కంట్రిబ్యూటర్. అచ్చయినదాన్ని బట్టి వచ్చే కొద్దిపాటి డబ్బుతో బతకలేడు. పండక్కీ పబ్బానికీ నాయకుల పుట్టినరోజులకీ ప్రకటనలు తేవలసిందీ అతనే. పొద్దున ఎమ్మెల్యే అనుచరుడి దగ్గర శుభాకాంక్షల ప్రకటన అడిగి, సాయంత్రం అదే ఎమ్మెల్యే ఇసుక లారీల మీద వార్త రాయాలి. ఆ వార్త రాలేదంటే హైదరాబాదు నుంచి ఫోను వచ్చిందనే అందరూ అనుకుంటారు. ఫోను అక్కర్లేని సందర్భాలే ఎక్కువ.

అలాగే = ఎలాగో చెప్పనట్టి తీరున. అవ్యయం. వార్తలో ఏ వాక్యం తప్పు, ఏ అంకె తప్పు అని చెప్పవలసిన శ్రమను తప్పిస్తుంది.

రాస్తాడు = రాయడం తన స్వభావంగా గలవాడు. తద్ధర్మార్థక క్రియ. నిన్నటిదానికీ రేపటిదానికీ ఒకే రూపం. రేపటి సంచిక మీద తీర్పు ఇవాళే వచ్చేసిందన్నమాట.

లేవయ్యా = ఇక చాలు. ఇందులోని "అయ్యా" గౌరవవాచకం కాదు.

అప్పుడు = మీవాళ్లు అధికారంలో ఉన్న కాలమందు. ఏ సంవత్సరమన్నది వక్త వయసును బట్టి మారుతుంది. పెద్దవాళ్లు రెండు ఆగస్టుల దగ్గరికి వెళతారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు, నెల రోజుల ఆందోళన తర్వాత ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1995 ఆగస్టులో అదే ఎన్టీఆర్‌ను సొంత పార్టీవాళ్లే దించి చంద్రబాబు నాయుడిని నాయకుణ్ణి చేసుకున్నారు. మొదటి ఆగస్టులో ప్రజాస్వామ్యం కోసం రోడ్డెక్కిన పత్రికలు రెండో ఆగస్టులో ఏం చేశాయని అడిగేవాళ్లు నేటికీ ఉన్నారు. నడివయసు వాళ్ల "అప్పుడు" 2004 నుంచి 2009 మధ్య ఉంటుంది. కుర్రవాళ్లది 2019 దాటి వెనక్కి పోదు. ప్రభుత్వాలు మారుతున్నంత కాలం ఈ పదానికి సరుకు తరగదు.

మీవాళ్లు = మొదటి పాదంలోని "మీ" లాంటిదే. ఎమ్మెల్యే పేరు గుర్తులేనివాడికి కూడా వాళ్లే "మావాళ్లు".

చేసినప్పుడు = ఏదో చేసిన సమయమందు. సకర్మక క్రియ, కర్మ లోపించింది. ఈ లోపం సంగతి సిద్ధాంతంలో.

వీడి నోరు = పత్రిక. లక్షణార్థం. అంతకుముందు "పేపరోడు" దూరంగా ఉన్నాడు, ఇక్కడ "వీడు" అయి దగ్గరికొచ్చాడు, వక్త ఈలోగా పేపరు చేతిలోకి తీసుకున్నాడు కనుక.

ఏమైంది = ప్రశ్నార్థకమే గానీ ప్రశ్న కాదు. ఆ పేపరు అప్పుడు కూడా రాసే ఉండవచ్చు. జిల్లా గ్రంథాలయంలో పాత సంచికలు తిరగేస్తే అరగంటలో తేలుతుంది. వక్త గ్రంథాలయానికి వెళ్లిన దాఖలా ఏ వ్యాఖ్యాతా నమోదు చేయలేదు.

పాఠభేదాలు

తెలంగాణలో "మీ పేపర్ల గట్లనే రాస్తరు తియ్యి" అని వినిపిస్తుంది. ఇందులో "ఓడు" లేదు, నేరం బహువచనానికి పోయింది. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ తెలుగువాళ్ల విందుల్లో వాక్యం మక్కీకి మక్కీ ఇదే, పేపరు బదులు యూట్యూబ్ చానల్. అక్కడివాళ్లలో చాలామంది ఇక్కడి ఎన్నికల్లో ఓటు వేయరు, ఊపులో తేడా మాత్రం లేదు.

అలంకారాలు

"ఎల్లో మీడియా" అన్నచోట శ్లేష. 1890ల న్యూయార్కులో పులిట్జర్, హర్స్ట్ పత్రికలు సంచలనాల కోసం పోటీపడ్డప్పుడు ఆ తరహా రాతకు పసుపు పేరొచ్చింది. తెలుగుదేశం జెండా కూడా పసుపే కావడంతో ప్రత్యర్థులకు అయాచితంగా రెండర్థాలు దొరికాయి. "దొంగ సాక్షి" అన్నచోటా శ్లేషే, ఇది అవతలివాళ్లది. "దుష్టచతుష్టయం" అన్నది జగన్‌మోహనరెడ్డి సభల్లో వాడిన సమాసం. ఒక నాయకుడు, రెండు పత్రికలు, ఒక చానల్ కలిసి నాలుగు. తండ్రి నాటి "రెండు" కొడుకు నాటికి నాలుగయ్యాయి.

పదాల మీద పట్టింపు ఏలినవారికి పాఠకుల కంటే ఎక్కువ. 1983లో శాసనమండలి వార్తకు ఈనాడు "పెద్దల సభలో గలభా" అని శీర్షిక పెడితే ఆ ఒక్క "గలభా" మీద హక్కుల ఉల్లంఘన వ్యవహారం నడిచి సుప్రీంకోర్టు దాకా పోయింది. తప్పుడు వార్తలు రాసిన పత్రికల మీద అధికారులు కేసులు పెట్టొచ్చని 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 2430 వచ్చింది. ఏది తప్పుడు వార్త అన్నదానికి టీక అందులోనూ లేదు.

రసం రౌద్రం. టీ కొట్టు దగ్గర అది గొంతు పెంచడంతో ఆగుతుంది. టీవీ చర్చల్లో ఆగకపోవచ్చు. 2021లో ఒక తెలుగు చానల్ చర్చలో ఒక అతిథి మరొకరిని చెప్పుతో కొట్టడం ప్రత్యక్ష ప్రసారంలోనే కనిపించింది.

పూర్వపక్షం

ఈ వాక్యం వార్తను ఖండిస్తోందని ఎదుటివాడూ, చుట్టూ చేరినవాళ్లూ, వక్త కూడా అనుకుంటారు. పత్రికకు పక్షపాతం ఉంది కాబట్టి వార్త అబద్ధమని వారి అన్వయం.

సిద్ధాంతం

అలా కాదు. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టి వ్యాఖ్యానాలు చేశాడు. ఆయన పద్ధతిలో చూస్తే మూలంలో "అబద్ధం" అన్న మాట లేదు. దానికి సమానమైనదీ లేదు. మొదటి పాదంలో ఉన్నది రాసేవాడి స్వభావం, రెండో పాదంలో ఉన్నది రాయని కాలం. నిన్న వేసిన రోడ్డు వానకు కొట్టుకుపోయిందన్న వార్తకు జవాబుగా ఈ వాక్యం వచ్చిందనుకుందాం. రోడ్డు ఉందా పోయిందా అన్నది ఏ పదంలోనూ లేదు. ఆ రోడ్డు టీ కొట్టుకు రెండు ఫర్లాంగుల దూరంలోనే ఉన్నా సరే.

పైగా కర్మ లోపించిన "చేసినప్పుడు" అసలు సంగతి బయటపెడుతోంది. పగలు ముద్ద ముట్టని దేవదత్తుడు లావెక్కాడంటే రాత్రి తింటున్నాడని మీమాంసకులు గ్రహిస్తారు. దాన్నే అర్థాపత్తి అన్నారు. అదే ప్రమాణంతో, "అప్పుడు మీవాళ్లు చేసినప్పుడు" అన్నవాడు ఇప్పుడు తనవాళ్లూ చేశారని ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే పోల్చడానికి "అప్పుడు" దేనికి? కాబట్టి ఈ వాక్యం వార్తను నిజమని నిర్ధారిస్తోంది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లెవరూ దీన్ని పట్టించుకోకపోవడం అన్వయ దోషమే గానీ మూలంలోని దోషం కాదు.

అయితే పక్షపాతం లేదా? ఉంది. యాజమాన్యంలో ఉంది, ప్రకటనల్లో ఉంది, ఫొటో తీసిన వేళలో ఉంది. దాన్ని పట్టుకోవాలంటే రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి, ఒకరు వేసి మరొకరు వేయనిదేమిటో చూడాలి. పల్లెటూరి టీ కొట్టు దగ్గర ఈ పని చేసేవాళ్లు నిజంగానే ఉన్నారు, చాలామంది సంపాదకుల కంటే బాగా చేస్తారు. వాళ్లు వాదంలోకి దిగరు. పేపరు మడిచి అక్కడే పెట్టి పనికి పోతారు.

తాత్పర్యం

ఓయీ, నీ పత్రిక రాసిన సంగతి నాకూ తెలియనిది కాదు. మీవాళ్లు ఇదే పని చేసిననాడు ఈ పత్రిక ఊరకుండెను గనుక, నేడు మావాళ్లు చేసినదానిని గురించి నేను మాట్లాడవలసిన పని లేదు, అని భావము.

ఉత్తరవాక్యం

ఎదుటివాడి జవాబుకు వేరే టీక ఎవరూ రాయలేదు. అక్షరం పొల్లుపోకుండా అదీ ఇదే వాక్యం కావడంతో పై ప్రతిపదార్థమే దానికీ చెల్లుతుంది. "అప్పుడు" దగ్గర మాత్రం సంవత్సరం మార్చి చదువుకోవాలి.