బండి చుట్టూ ప్రదక్షిణం

ఈ మధ్య మా ఇంట్లో ఏ బండీ చెప్పిన టైముకు కదలడం లేదు. దానికంతటికీ మా అక్క కొడుకే కారణం. వాడు నాగార్జునసాగర్ అవతలి ఒడ్డున విజయపురి సౌత్ రన్‌వే మీద సెస్నా 152 విమానం నడపడం నేర్చుకున్నాడు. ఇప్పుడు 172కి మారుతున్నాడు. మారేదేదో అక్కడే మారొచ్చు కదా! సెలవులకు నల్లగొండ వచ్చి మా బండ్ల మీద మారుతున్నాడు.

పాలమూరు పెళ్లికని మా బామ్మర్ది కారు అడిగి తెచ్చాం. అందరం ఎక్కి కూర్చున్నాం. వీడు ఎక్కడు. టైర్లు నొక్కుతాడు, కింద ఆయిల్ కారుతుందేమో వంగి చూస్తాడు.

"ఎక్కరాదురా, ముహూర్తం పోతది!"

"జర ఆగు మామా. ఇది కొత్త బండి."

"ఇదేం కొత్తదిరా, పదేండ్లది!"

"బండికి కాదు మామా, మనకు."

152, 172 బయట నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయట. లోపల కూర్చుంటేనే తేడా. 152లో పెట్రోలు పిడికి రెండే మాటలు తెలుసు: వదులు, ఆపు. 172లో ఎడమ ట్యాంకు, కుడి ట్యాంకు, రెండూ అని బేరం ఉంటుంది. కొత్తరకం 172 అయితే 13 చోట్ల నుంచి పెట్రోలు కొంచెం కొంచెం గ్లాసులోకి వంపి, వెలుతురుకు పట్టి చూడాలట. ఆ పెట్రోలు నీలంగా ఉంటుంది, నీళ్లు కలిస్తే అడుగుకు దిగుతాయి. ట్యాంకు ముల్లును మాత్రం నమ్మకూడదు. రెక్క మీదికి ఎక్కి, మూత తీసి, పుల్ల ముంచి చూడాలి.

ఈ మాత్రం దానికి లక్షలు పోసి చదవాలా? మా దిక్కు బండి అరువిచ్చే ఏ పెద్దమనిషినడిగినా ఉచితంగా చెప్తాడు. "ముల్లు ఎప్పుడూ సగం మీదనే ఉంటది, నమ్మకు. బండి ఊపి చూడు, గలగలమంటే హాలియా దాకా పోతది. ఆగితే రిజర్వ్‌కు తిప్పు. ఇప్పటికే రిజర్వ్‌ల ఉంటే దిగి, పక్కకు వంచి, మళ్ల కొట్టు. ముందు బ్రేకు పట్టకు. వెనక బ్రేకు లేదు. లైటేస్తే హారన్ మోగదు, రాత్రిపూట ఎవడన్న అడ్డమొస్తే నువ్వే ఒర్రు. ఇంక ఏం భయం లేదు, పో." తాళం అడిగితే నవ్వుతాడు. ఆ బండికి ఏ తాళమైనా పడుతుంది. ఇంత శాస్త్రం నోటికొచ్చినవాడికి లైసెన్సు ఇచ్చే నాథుడు లేడు!

ఈ మాటే మావాడితో అంటే 1935 అక్టోబర్ 30 సంగతి తీశాడు. అమెరికాలో, ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కొత్త విమానం మోడల్ 299 లేచీ లేవగానే కూలిందట. గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసిన లాకు తీయడం మరిచారు. నడిపింది ఆరితేరిన పైలటే, విమానమే ఆయనకు కొత్త. పైలట్ల చేతికి చెక్‌లిస్టు వచ్చింది ఆ దెబ్బతోనేనట. ముహూర్తం దగ్గర పడుతుంటే వినాల్సిన చరిత్రేనా ఇది?

అయినా వాణ్ని మనసారా తిట్టలేను. 2022 ఫిబ్రవరి 26న మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో శిక్షణ విమానం కూలింది. ఒంటరిగా నడుపుతున్న అమ్మాయి పోయింది. అదీ సెస్నా 152నే. ఎందుకు కూలిందో నాలాంటివాడు తేల్చేది కాదు. అప్పటినుంచి మా అక్క, కొడుకు ఫోన్ చేస్తే విమానం ఊసెత్తదు. "తిన్నవా?" అని మాత్రం రెండుసార్లు అడుగుతుంది.

అందుకే వాడు డిక్కీ తెరిచి సామాను తూచడం మొదలుపెట్టినా నేను నోరెత్తలేదు. నాలుగు సీట్ల విమానంలో ఎవరి బరువెంత, వెనక ఎంత పడుతుంది అని లెక్క కట్టాలట. కట్టుకోనీ. కానీ నోట్‌బుక్కు తీసి, పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో కూర్చున్న మా ఆవిడను "అత్తమ్మా, నీ బరువెంత?" అని అడగాల్నా?

కారు ఎగరడానికి అన్నివిధాలా సిద్ధమైంది. అత్తమ్మ దిగిపోయింది. బతిమాలి మళ్లీ ఎక్కించేసరికి పాలమూరులో మొదటి బంతి లేచే ఉంటుంది.